అనంతపురం జిల్లా వాన, పంట, ధరల ఓపెన్ డేటా: కేటలాగ్ ఎట్లా కట్టాలి?

ప్రశ్న | కళ్యాణదుర్గం_స్టాట్స్

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం వైపు ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులకు ఈసారి ఐరిస్ పూలు, టైటానిక్ ప్రయాణికులు అనే, అందరూ సాధనకు వాడే పాత డేటాసెట్లు వద్దన్నాను. వాటి మీద రాసిన రిపోర్టులు నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. పైగా నా క్లాసులో కూర్చునే పిల్లల ఇళ్లల్లో బుడ్డలు (వేరుశెనగ) వేస్తారు, కొందరికి చీనీ (బత్తాయి) తోటలున్నాయి, బోరు ఎండిపోయి చెట్లు నరికించిన ఇళ్లూ ఉన్నాయి. రిగ్రెషన్ (ఒక అంకె ఇంకోదాని మీద ఎట్లా ఆధారపడుతుందో లెక్కించే పద్ధతి) నేర్చుకునేదేదో మన జిల్లా వాన మీద, మన మార్కెట్ ధర మీద నేర్చుకోవాలని నా పట్టుదల.

అందుకని అందరికీ పనికొచ్చేట్టు ఒక కేటలాగ్ మొదలుపెట్టాం. వర్షపాతం, వేరుశెనగ విస్తీర్ణం, దిగుబడి, మార్కెట్ ధరలు, భూగర్భ జలమట్టం, ఈ ఐదు విషయాల మీద నెట్‌లో ఉచితంగా దొరికే డేటా ఎక్కడుందో వెతికి ఒక స్ప్రెడ్‌షీట్లో రాస్తున్నాం. ప్రస్తుతానికి రెండే కాలమ్‌లు: పేరు, లింకు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ముగ్గురు పిల్లలు మూడు చోట్ల నుంచి ‘అనంతపురం వర్షపాతం’ అనే ఫైళ్లు తెచ్చారు. ఒకే సంవత్సరానికి మూడింట్లో మూడు మొత్తాలు. తేడా పదో పరకో కాదు, వంద మిల్లీమీటర్లకు పైన. ‘మేడం, ఏది కరెక్టు?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మూడూ ప్రభుత్వ, పరిశోధన సంస్థల డేటాయే.

నా ప్రశ్నలు ఇవి. ఇట్లాంటి డేటా ఇంకా ఎక్కడెక్కడ వెతకాలి, ఎట్లా వెతకాలి? కేటలాగ్‌లో ఏమేం రాసుకుంటే ముందు ముందు ఈ గందరగోళం రాదు? మా ల్యాబులో నెట్ నిదానం, అందుకని ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి పిల్లలకు పంచాలనుకుంటున్నాను. అట్లా పంచొచ్చా?


జవాబు | నంద్యాల_మ్యాపులు

మేడం, మంచి పని పెట్టుకున్నారు. వెతకడం గురించి నాకు తెలిసింది చెప్తాను.

అందరూ మొదట గూగుల్ డేటాసెట్ సెర్చ్ చూడమంటారు. 2018లో వచ్చింది, బాగానే పనిచేస్తుంది. కానీ డేటాసెట్ పెట్టినవాళ్లు తమ వెబ్ పేజీలో ‘ఇది డేటాసెట్, దీని పేరు ఇది, లైసెన్సు ఇది’ అని స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతిలో ట్యాగులు రాసి ఉంటేనే అది పట్టుకుంటుంది. మన జిల్లా వెబ్‌సైట్లలో పీడీఎఫ్‌లుగా పడి ఉన్న పట్టికలకు ఆ ట్యాగులు ఉండవు. వాటికి మామూలు గూగుల్లోనే సైట్ పేరునూ ఫైలు రకాన్నీ బిగించి వెతకాలి. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ వరకే, ఎక్సెల్ ఫైళ్లు మాత్రమే అని అడగొచ్చు.

పేర్లన్నీ మార్చి మార్చి వెతకండి. అనంతపురాన్ని ఇంగ్లీషులో ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టి రాసినవీ, పెట్టకుండా రాసినవీ, చివర ‘ము’ ఉన్నవీ లేనివీ అన్నీ ఉంటాయి. కడపకైతే పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి, 2005 తర్వాతది ఒకటి, 2010లో వైఎస్సార్ అని మార్చినది ఒకటి. చీనీ అని కొడితే ధరల సైట్లో ఏమీ రాదు, మోసంబి అని వెతకాలి.

ఇక చోట్లు. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా వేదిక డేటా డాట్ గవ్ డాట్ ఇన్ 2012 నుంచి ఉంది. అందులో ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాం రాసి నేరుగా డేటా అడిగే దారిలో కూడా తీసుకోవచ్చు. అయితే సైటు ఊరికే ఇచ్చే నమూనా కీతో అడిగితే 10 వరసలే వస్తాయి. ‘ఈ డేటాసెట్లో ఇంతే ఉంది’ అని పిల్లలు వదిలేసే ప్రమాదం ఉంది. ఖాతా తెరిచి సొంత కీ తీసుకోమనండి.

మార్కెట్ ధరలకు అగ్‌మార్క్‌నెట్. కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు యార్డుల వేరుశెనగ ధరలు అక్కడ చూడొచ్చు. క్వింటాలుకు కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలు ఉంటాయి. మోడల్ అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, సగటు కాదు. యార్డుకు రాకుండా కల్లంలోనే అమ్ముడుపోయిన సరుకు ఇందులో ఉండదని పిల్లలకు ముందే చెప్పండి.

పంటలకు పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల జిల్లా స్థాయి డేటా చాలా విలువైనది. 1966 నుంచి ఉంది. జిల్లాలు విడిపోయినా 1966 నాటి జిల్లాల హద్దులకే లెక్కలన్నీ సర్దిన రూపం ఒకటుంది, తర్వాతి హద్దులతో 1990 నుంచి మొదలయ్యే రూపం ఒకటుంది. రెండూ కలిపేయకూడదు.

వానకు పుణె ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వాళ్ల గ్రిడ్ డేటా, అంటే దేశాన్ని గడులుగా విడగొట్టి ఇచ్చేది, 1901 నుంచి, 0.25 డిగ్రీల గడులతో ఉంది. ఒక్కో గడి దాదాపు 27 కిలోమీటర్లు. చిర్ప్స్ అనేది కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లది, ఉపగ్రహ సమాచారాన్ని నేల మీది కొలతలతో కలిపి చేసింది, 1981 నుంచి, 0.05 డిగ్రీలు, అంటే సుమారు 5 కిలోమీటర్ల గడులు. మండలం స్థాయిలో పటం గీయాలంటే చిర్ప్స్ అనువుగా ఉంటుంది. కానీ దాని రోజువారీ అంకెలు ఐదు రోజుల మొత్తాల నుంచి విడగొట్టినవి. ‘ఫలానా రోజు ఎంత పడింది’ అనే ప్రశ్నకు దాన్ని వాడొద్దు, నెల మొత్తాలకు వాడండి.

భూగర్భ జలాలకు ఇండియా డబ్ల్యూఆర్‌ఐఎస్. కేంద్ర భూగర్భ జల బోర్డు ఏడాదికి నాలుగు సార్లు కొలిచిన మట్టాలు ఉంటాయి. అవి నేల మట్టం నుంచి కిందికి మీటర్లు, కాబట్టి అంకె పెరిగిందంటే నీళ్లు కిందికి పోయాయని అర్థం. గ్రాఫు గీసేటప్పుడు నిలువు అక్షాన్ని తిరగేయించండి.

మూడు మొత్తాల సంగతి నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.


జవాబు | ఏఎస్ఓ_రిటైర్డ్_అనంత

అమ్మా, నేను అనంతపురం జిల్లాలో సహాయ గణాంక అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. మీ పిల్లలు తెచ్చిన మూడు ఫైళ్లూ సరైనవే అయ్యుండొచ్చు. ‘ఏది కరెక్టు’ అని కాదు, ‘ఏది దేన్ని కొలిచింది’ అని అడిగించండి. మీ కేటలాగ్ ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పేట్టు ఉండాలి. లింకు ఇవాళ ఉంటుంది, రేపు సైటు మార్చేస్తే పోతుంది. ఆ అంకెను ఎవరు, దేనితో, ఎప్పుడు, ఏ హద్దుల లోపల కొలిచారన్నది మటుకు మారదు, దాన్నే రాసి పెట్టుకోవాలి.

మొదట సంవత్సరం సంగతి చూడండి. ఒక ఫైల్లో సంవత్సరం అంటే జనవరి నుంచి డిసెంబరు. మన రాష్ట్ర గణాంకాల పుస్తకాల్లో వాన లెక్కకు సంవత్సరం జూన్‌లో మొదలై మే నెలలో ముగుస్తుంది. ఇంకో ఫైల్లో నైరుతి నాలుగు నెలలే, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకే ఉండొచ్చు.  అనంతపురానికి ఏడాదికి మామూలుగా పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పావు వంతుకు కాస్త పైనే అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. నాలుగు నెలల ఫైలును ఏడాది ఫైలు పక్కన పెడితే వంద మిల్లీమీటర్ల తేడా ఊరికే వస్తుంది. రెవెన్యూ కాగితాలు ముట్టుకుంటే ఇంకో లెక్క, అది ఫసలీ. ఫసలీ 1432 అంటే 2022 జూలై నుంచి 2023 జూన్ వరకు. పాత అడంగళ్ల నుంచి ఎవరైనా అంకెలు ఎక్కించి ఉంటే సంవత్సరం గడిలో అదే ఉంటుంది.

తర్వాత రోజు. మండల కేంద్రాల్లో తహసీల్దారు ఆఫీసు ఆవరణలో వానమాని ఉంటుంది, చూసే ఉంటారు. పొద్దున ఎనిమిదిన్నరకు గరాటు ఎత్తి, కింద సీసాలో చేరిన నీళ్లను కొలగ్లాసులో పోస్తారు. గ్లాసును బల్ల మీద నిలబెట్టి, కంటిని నీటి మట్టానికి సమానంగా దించి, గీత చదువుతారు. పైనుంచి చూస్తే ఎక్కువ కనబడుతుంది, అందుకు వంగి చూడాలి. పెద్ద వాన పడితే గ్లాసు నింపి, రాసి, పారబోసి, మళ్లీ నింపి అన్నీ కూడతారు. ఆ మొత్తాన్ని చదివిన రోజు తేదీ మీద రాస్తారు. అంటే 14వ తేదీ సాయంత్రం ఉరుములతో కురిసిన వాన రిజిస్టరులో 15వ తేదీ గడిలో ఉంటుంది. ఉపగ్రహం లెక్కకు రోజు గ్రీనిచ్ సమయంతో మొదలవుతుంది, మనకు అది తెల్లవారుజామున ఐదున్నర. రెండు ఫైళ్లను తేదీ తేదీకి కలిపితే పొంతన కుదరదు. నెల మొత్తాలకు ఈ తేడా చాలా వరకు సర్దుకుంటుంది.

మూడోది ఖాళీ గడి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. వాన పడకపోతే సున్నా రాయాలి. రీడింగ్ రాకపోతే గీత పెట్టాలి, లేదా ఖాళీ వదలాలి. ఈ రెండూ ఒకటి కాదు. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎక్కడో ఒకచోట ఖాళీలన్నీ సున్నాలైపోతాయి. కరువు జిల్లాలో ఇది చాలా చేటు. రీడింగ్ రాని వారం పత్రంలో ఎండ కాసిన వారంగా మారితే, ‘డ్రై స్పెల్’ (వరసగా వాన లేని రోజులు) లెక్కించే పిల్ల తప్పుడు కరువు కనిపెడుతుంది. ఆ అంకెను చుట్టుపక్కల మండలాల అంకెలతో పోల్చి చూడమనండి. పక్క మూడు మండలాల్లో 40 మిల్లీమీటర్లు పడి, మధ్యలో ఉన్నదానికి వరసగా సున్నాలుంటే ఆ గడిని అనుమానించాలి.

నాలుగోది హద్దు. మన దగ్గర డేటా పెట్టేవాళ్లు, తీసుకునేవాళ్లు ఇద్దరూ పట్టించుకోనిది ఇదే. ‘అనంతపురం’ అంటే ఏ అనంతపురం? 2022 ఏప్రిల్ దాకా 63 మండలాలు. ఆ తర్వాత పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయి ఇటు 31, అటు 32 అయ్యాయి. కదిరి, హిందూపురం, ధర్మవరం, పెనుకొండ అటు పోయాయి. 2021 వేరుశెనగ విస్తీర్ణం పక్కన 2023ది పెట్టి ‘జిల్లాలో సగం పంట మాయమైంది’ అని రాస్తే అది పంట తగ్గడం కాదు, జిల్లా తగ్గడం. అట్లాగే కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అప్పట్లో రాయచోటి కేంద్రంగా అన్నమయ్య విడిపోయాయి. ఇంకా వెనక్కి పోతే 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1970లో మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు కర్నూలు నుంచి ప్రకాశంలో కలిశాయి. 1953లో రాయదుర్గం బళ్లారి నుంచి అనంతపురంలోకి, ఆదోని, ఆలూరు కర్నూలులోకి వచ్చాయి. కాబట్టి ప్రతి డేటాసెట్ పక్కనా ‘ఏ సంవత్సరపు హద్దులు’ అనే గడి తప్పకుండా పెట్టించండి.

పంట దిగుబడి అంకె ఎట్లా పుడుతుందో కూడా మీ పిల్లలు ఒకసారి చూడాలి. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నుంచి సర్వే నంబరు తీస్తాం. ఆ చేనులో ఏ మూల నుంచి ఎంత దూరం నడిచి ఆగాలో కూడా ఆ పట్టికే చెప్తుంది. బాగా పండిన చోటు మనం ఎంచుకోకూడదు, రైతు చూపించిన చోటూ తీసుకోకూడదు. అక్కడ మేకులు కొట్టి, తాడు లాగి, 5 మీటర్ల చదరం కడతాం. చదరం వంకర పోకుండా కర్ణం కొలుస్తాం, 7.07 మీటర్లు రావాలి. లోపలున్న చెట్లన్నీ పెరికి, కాయలు కోసి, మట్టి దులిపి తూకం వేస్తాం. విస్తీర్ణం 25 చదరపు మీటర్లు కాబట్టి ఆ కిలోలను 400తో గుణిస్తే హెక్టారుకు దిగుబడి. కానీ అది పచ్చికాయ తూకం. ఎండబెట్టి మళ్లీ తూచి, ఎంత తగ్గిందో ఆ నిష్పత్తి వేయాలి. పుస్తకంలో కనిపించేది ఎండుకాయ లెక్క. మార్కెట్ ఫైల్లో మాత్రం కాయ వేరు, విత్తు వేరు సరుకులుగా ఉంటాయి. విత్తు బరువు కాయ బరువులో సుమారు 70 శాతం. దిగుబడి ఫైలునూ ధర ఫైలునూ కలిపేముందు రెండూ కాయ లెక్కేనా అని చూసుకోవాలి.

ఎండలో ఆ చేలల్లో తాడు పట్టుకుని నిలబడినవాళ్లు, సెలవు రోజు కూడా పొద్దున్నే వచ్చి సీసా కొలిచినవాళ్లు తయారుచేసిన అంకెలివి. కేటలాగ్‌లో వాళ్ల పని కనిపించాలని నా కోరిక. ‘కొలిచిన పద్ధతి’ అని ఒక గడి పెట్టి, అందులో రెండు వాక్యాలు రాయించండి.


జవాబు | ప్రొద్దుటూరు_పైథాన్

సార్ చెప్పింది చదివాక నేను ఇప్పటిదాకా వాడిన జిల్లా ఫైళ్లన్నీ మళ్లీ తెరిచి చూడాలనిపిస్తోంది. నేను ఫైళ్ల వైపు సంగతులు మాత్రం చెప్తాను.

మేడం, దించుకున్న ఫైలును దించుకున్నట్టే ఒక ఫోల్డర్లో ఉంచండి. దాన్ని ఎవరూ ఎక్సెల్లో తెరిచి సేవ్ చేయకూడదు. ఎక్సెల్ తన ఇష్టానికి తేదీలు మారుస్తుంది, కోడ్‌ల ముందున్న సున్నాలు తీసేస్తుంది. శుభ్రం చేసిన ఫైలు వేరే ఫోల్డర్లో, ఆ శుభ్రం చేసిన స్క్రిప్టుతో పాటు ఉండాలి. దించిన రోజునే అసలు ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ (ఫైలు నుంచి లెక్కించే, వేలిముద్ర లాంటి కోడ్) తీసి కేటలాగ్‌లో రాయండి. ఆరు నెలల తర్వాత అదే లింకు నుంచి ఇంకొకరు దించి, హ్యాష్ వేరే వస్తే, వెనక డేటా మార్చారని వెంటనే తెలుస్తుంది. ప్రభుత్వ అంకెల్లో ముందు తాత్కాలిక అంచనా, తర్వాత తుది అంచనా రావడం మామూలే, కానీ లింకు అదే ఉంటుంది.

లింకు పోతుందన్న భయం నిజమే. ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయించి, ఆ రెండో లింకు కూడా రాసుకోండి.

‘లేదు’ అని చెప్పడానికి ఒక్కొక్కరు ఒక్కో అంకె వాడతారు. ఐఎండీ గ్రిడ్‌లో −999. ఇక్రిశాట్ ఫైల్లో −1 కనిపిస్తుంది. ఇవి తీయకుండా సగటు వేస్తే వాన కూడా మైనస్‌లోకి పోతుంది. ఐఎండీ గ్రిడ్ చదవడానికి ఐఎండీలిబ్ అనే పైథాన్ లైబ్రరీ ఉంది, పిల్లలకు పని చాలా తేలికవుతుంది.

జిల్లా పేరుతో ఫైళ్లు కలపొద్దు, కోడ్‌తో కలపండి. 2011 జనగణనలో వైఎస్సార్ 551, కర్నూలు 552, అనంతపురం 553. కొత్త జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు కేంద్రం నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో కోడ్‌లు ఉన్నాయి. ఏ కోడ్ పద్ధతి వాడారో కూడా కేటలాగ్‌లో రాయాలి.

పీడీఎఫ్ పట్టికలకు టబులా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది, స్కాన్ చేసిన పేజీలైతే పనిచేయదు. పాత తెలుగు పీడీఎఫ్‌లు యూనికోడ్‌లో ఉండవు. కంటికి తెలుగులాగే కనిపిస్తాయి, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. అట్లాంటి చోట మండలాల పేర్లు చేత్తో కొట్టుకోవడమే మేలు. మీరు తయారుచేసే సీఎస్‌వీలో (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైలులో) తెలుగు పేర్లుంటే ‘యూటీఎఫ్ 8 బీఓఎమ్’ అనే రకంగా సేవ్ చేయండి, లేకుంటే ఎక్సెల్లో తెరిచినప్పుడు ఆ పేర్లు చెడిపోతాయి.

కేటలాగ్‌కు డీక్యాట్ అని, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ల ప్రమాణం ఒకటుంది. క్లాసు పనికి అంతా అక్కర్లేదు, కానీ గడుల పేర్లు దాన్నుంచి తీసుకుంటే రేపు ఎవరైనా మీ కేటలాగ్‌ను పెద్ద వేదికలో కలుపుకోవాలన్నా సులువు. పిల్లలు శుభ్రం చేసిన డేటాసెట్ బాగా వస్తే డేటా దాచే వేదిక జెనోడోలో పెట్టండి. సెర్న్ వాళ్లు 2013 నుంచి నడుపుతున్నారు, ఉచితం, డీఓఐ (మారని గుర్తింపు నంబరు) వస్తుంది. డిగ్రీ పిల్లకు తన పేరు మీద డీఓఐ ఉన్న డేటాసెట్ ఉండడం చిన్న విషయం కాదు.


కళ్యాణదుర్గం_స్టాట్స్

అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. ఏఎస్ఓ సార్ జవాబు పొద్దున ల్యాబులో ప్రొజెక్టరు మీద పెట్టి చదివించాను. మూడు ఫైళ్లు మళ్లీ తెరిచి చూశాం. ఒకటి జూన్ నుంచి సెప్టెంబరు, ఒకటి జనవరి నుంచి డిసెంబరు, మూడోది కొత్త జిల్లా హద్దులతో. ఎవరి ఫైలు దేన్ని కొలిచిందో పిల్లలే కనిపెట్టారు.

రెండు సందేహాలు మిగిలాయి. లైసెన్సు ఎక్కడా రాసి లేని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో పంచొచ్చా? జిల్లా గణాంకాల హ్యాండ్ బుక్ పీడీఎఫ్ మీద ఏమీ రాసి లేదు. ఇంకోటి, మా పిల్లాడొకడు ఏదో పథకం లబ్ధిదారుల జాబితా తెచ్చాడు. రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, బ్యాంకు ఖాతాలో చివరి అంకెలు అన్నీ ఉన్నాయి. పబ్లిక్ లింకే, లాగిన్ కూడా అడగలేదు. గ్రామం స్థాయి విస్తీర్ణం ఇంకెక్కడా ఇంత వివరంగా దొరకదని వాడి వాదన. కేటలాగ్‌లో పెట్టాలా?


జవాబు | నంద్యాల_మ్యాపులు

లైసెన్సు సంగతి నేను చెప్తాను. డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఉన్నవాటికి 2017లో ప్రకటించిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు వర్తిస్తుంది. మూలం పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు, వ్యాపారానికి కూడా వాడొచ్చు. చిర్ప్స్ మీద హక్కులేవీ పెట్టుకోలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి హద్దులు, రోడ్లు తీసుకుంటే ఓడీబీఎల్ వర్తిస్తుంది, దాన్ని కలిపి చేసిన డేటాబేస్‌ను బయట పెడితే అదే లైసెన్సుతో పెట్టాలి.

ఏమీ రాసి లేకపోతే ఓపెన్ అనుకోకూడదు. మన దేశంలో ప్రభుత్వ ప్రచురణలకు కూడా కాపీరైటు ఉంది, 60 ఏళ్లు. చదవడానికి ఉచితంగా దొరకడం వేరు, పంచడానికి అనుమతి ఉండడం వేరు. అట్లాంటివాటికి కేటలాగ్‌లో ‘లైసెన్సు ప్రకటించలేదు’ అని రాసి, లింకు మాత్రం ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లో లైసెన్సు స్పష్టంగా ఉన్నవి వేయండి, అవే చాలా ఉన్నాయి.


జవాబు | ఏఎస్ఓ_రిటైర్డ్_అనంత

అమ్మా, పిల్లలే కనిపెట్టారన్న మాట చదివి చాలా సంతోషం వేసింది.

హ్యాండ్ బుక్ విషయంలో ఒక మాట. దాన్ని తయారుచేసేది కలెక్టరేట్‌లోని ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ‘విద్యార్థుల ప్రాజెక్టులకు వాడుకుంటాం, మూలం చెప్తాం, అనుమతి ఇవ్వగలరు’ అని ఉత్తరం రాసి తీసుకెళ్లండి. పాత సంవత్సరాల పుస్తకాలు నెట్‌లో లేనివి అక్కడ అడిగితే దొరికే అవకాశం ఉంటుంది. ఎక్సెల్ రూపంలో కావాలని కూడా రాయండి. ఉత్తరంతో పని జరగకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. సెక్షన్ 7(9) ప్రకారం సమాచారం మామూలుగా అడిగిన రూపంలోనే ఇవ్వాలి. కానీ మొదటే ఆ దారి పట్టకండి, మనిషి వెళ్లి అడిగితే సగం పనులు అవుతాయి.

మండలాల వారీ వాన కావాలంటే మీ పిల్లల చేత ఒక నమోదు ఇట్లా రాయించండి. పేరు: అనంతపురం జిల్లా మండలాల వారీ నెలసరి వర్షపాతం. కొలిచినది: మండల కేంద్రంలోని వానమాని, పొద్దున 8.30 రీడింగ్. సంవత్సరం: జూన్ నుంచి మే. హద్దులు: 2022కు ముందు, 63 మండలాలు. యూనిట్: మిల్లీమీటర్లు. ఖాళీ గడి: రీడింగ్ రాలేదు, సున్నా కాదు. రూపం: పీడీఎఫ్ నుంచి చేత్తో ఎక్కించింది, ఎక్కించిన పిల్ల ఒకరు, సరిచూసిన పిల్ల ఇంకొకరు. దించిన తేదీ, హ్యాష్, లైసెన్సు. చివర ‘దేనికి పనికిరాదు’ అని ఒక గడి పెట్టండి. దీనికి అందులో ‘మండలం లోపల గ్రామానికీ గ్రామానికీ తేడా చూడడానికి పనికిరాదు, మండలానికి ఒకటే వానమాని’ అని రాయాలి. మన దగ్గర ఒక ఊళ్లో దంచి కొట్టి, రెండు కిలోమీటర్ల అవతల చినుకు లేకపోవడం అందరూ చూసినదే. ముంగారు (తొలకరి) వానలకు అది మరీ ఎక్కువ.

ఆ లబ్ధిదారుల జాబితా మాత్రం పెట్టొద్దు. లింకు కూడా పెట్టొద్దు. తలుపు తెరిచి ఉందని లోపలికి పోయి తెచ్చుకునే వస్తువు కాదది. ఇందాక చెప్పిన ప్రభుత్వ లైసెన్సు కూడా వ్యక్తిగత సమాచారానికి వర్తించదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం ఒక పక్కన పెట్టినా, ఏ సర్వే నంబరు ఎవరిది, ఎంత విస్తీర్ణం, ఖాతా చివరి అంకెలు ఏవి అన్నీ ఒకే పట్టికలో ఉంటే ఆ రైతుకు ఫోన్ చేసి మోసం చేయడం ఎంతసేపు? పంటల బీమా డబ్బు పేరు చెప్పి ఓటీపీ అడిగేవాడికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. మీ పిల్లాడు దించుకున్న కాపీ కూడా తీసేయమనండి. అది బయట కనిపిస్తోందని ఆ శాఖకు ఒక ఉత్తరం రాయించండి, కేటలాగ్ పనిలో అదీ భాగమే.

గ్రామం స్థాయి విస్తీర్ణం కావాలన్న వాడి కోరిక మంచిదే. 2011 జనగణన జిల్లా పుస్తకంలో గ్రామాల వారీగా సాగు భూమి, నీటి వసతి వివరాలున్నాయి, పేర్లు ఉండవు, గ్రామ కోడ్ ఉంటుంది. పాతదే, కానీ వాడు వెతుకుతున్న పోలికకు చాలు. ఈ-క్రాప్ (రైతు ఏ పంట వేశాడో ప్రభుత్వం చేసే నమోదు) లెక్కలు పేర్లు లేకుండా, గ్రామం వారీ మొత్తాలుగా ఇమ్మని వ్యవసాయ శాఖ జిల్లా కార్యాలయాన్ని అడగండి. ఒక ఊళ్లో ఒక పంట ఒకరిద్దరే వేసి ఉంటే ఆ గడిని కూడా విడిగా చూపించొద్దని ఆ ఉత్తరంలోనే రాయండి. అట్లాంటి చోట మొత్తం అంకె చూసినా మనిషి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది.